టెరాఫ్లాప్‌లు సరే... ఆదోని ఎండకు తట్టుకుంటుందా?

రాబోయే గేమ్ కన్సోల్ లోపల ఏముంటుందో ఏడాది ముందే లీకులు చెబుతున్నాయి. పశ్చిమ కర్నూలు పట్టణాల్లో డబ్బులు కూడబెట్టి కొనేవాళ్లకు కావాల్సిన లెక్కలు మాత్రం వాటిలో ఉండటం లేదు.

2024 మార్చిలో సోనీ కొత్త ప్లేస్టేషన్ గురించిన పత్రాలు బయటికి పొక్కాయి. లోపలి పేరు ‘ట్రినిటీ’. గ్రాఫిక్స్ శక్తి 33.5 టెరాఫ్లాప్‌లు. మామూలు పీఎస్5 కంటే 45 శాతం వేగంగా బొమ్మలు గీస్తుందని రాసి ఉంది. ఆ అంకెల మీద ఆర్నెల్లపాటు చర్చలు నడిచాయి. సెప్టెంబర్‌లో సోనీ పీఎస్5 ప్రోను ప్రకటించింది. 45 శాతం మాట నిజమేనని తేలింది. నవంబర్ 7న అమెరికా, యూరప్, జపాన్ దుకాణాల్లోకి పెట్టెలు వచ్చేశాయి. మన దేశానికి రాలేదు.

కారణం టెరాఫ్లాప్‌లు కావు, వైఫై. పీఎస్5 ప్రోలో వైఫై 7 ఉంది. అది 6 గిగాహెర్ట్జ్ తరంగాలను వాడుతుంది. ఆ తరంగాలను లైసెన్స్ లేకుండా ఇళ్లలో వాడుకోవడానికి మన దేశం అప్పటికి అనుమతి ఇవ్వలేదు. అందుకే ఇండియాలో అమ్మడం లేదని సోనీ స్వయంగా చెప్పింది. చిప్ లోపల ఎన్ని భాగాలున్నాయో ముందే లెక్కపెట్టి చెప్పిన లీకుల చర్చలో ఈ చిన్న రేడియో ముక్క ఊసు దాదాపు రాలేదు. మనకు మాత్రం అదే ఆఖరి మాట అయింది.

ఆదోని నుంచో ఎమ్మిగనూరు నుంచో ఈ వార్తల్ని వెంటాడే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. బీటెక్ చదివేవాళ్లు, మిల్లులో షిఫ్టు దిగి వచ్చేవాళ్లు, అన్న బెంగళూరు నుంచి ఏదైనా తెస్తాడని చూసేవాళ్లు. “పీఎస్6 ఎప్పుడొస్తాదన్నా? ఎంతుంటాది?” అన్న ప్రశ్న పండగకు ఊరొచ్చిన ప్రతి సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ ఎదురయ్యేదే. వాళ్ల ఆసక్తిని తేలిగ్గా తీసుకోవడం నాకు ఇష్టం లేదు. యాభై వేల రూపాయల వస్తువు ఇక్కడ చాలా ఇళ్లలో ఆ ఏడాది పెద్ద ఖర్చు. ముందుగా తెలుసుకోవాలనుకోవడం న్యాయం. ఏ అంకెను నమ్మాలి, దేన్ని పట్టించుకోనవసరం లేదు, ఏది మనం అడిగి మరీ తెలుసుకోవాలి అన్నది ఒకసారి చూద్దాం.

కాలిక్యులేటర్‌తో తేలే లెక్క

టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు. వినడానికి భయపెడుతుంది గానీ ఇది ఫోన్లో ఉన్న కాలిక్యులేటర్‌తో తేలిపోయే గుణకారం. గ్రాఫిక్స్ చిప్‌లో ‘కంప్యూట్ యూనిట్లు’ ఉంటాయి. ఒక్కో యూనిట్‌లో లెక్కలు చేసే గదులు 64. ఒక్కో గది గడియారం ఒకసారి కొట్టుకునేలోగా రెండు లెక్కలు చేస్తుంది. యూనిట్ల సంఖ్యను 64తో, తర్వాత రెండుతో, ఆపైన గడియారం వేగంతో గుణిస్తే టెరాఫ్లాప్‌లు వచ్చేస్తాయి.

పీఎస్5 కథ దీనికి మంచి ఉదాహరణ. 2019 చివర్లో దాని చిప్ చేస్తున్న ఏఎండీ కంపెనీ పరీక్షల వివరాలు కొన్ని గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో బయటపడ్డాయి. ‘ఓబెరాన్’ అనే చిప్, 36 యూనిట్లు, 2 గిగాహెర్ట్జ్. గుణిస్తే 9.2 టెరాఫ్లాప్‌లు. అప్పటికే 13 టెరాఫ్లాప్‌లు ఖాయమన్న పుకారు జోరుగా ఉంది. సోనీ అభిమానులకు 9.2 మింగుడుపడలేదు. పాత చిప్ పరీక్ష అన్నారు, కావాలని వదిలిన తప్పుడు కాగితం అన్నారు. 2020 మార్చి 18న పీఎస్5 రూపశిల్పి మార్క్ సెర్నీ వేదిక మీదికి వచ్చి అసలు లెక్క చెప్పారు. యూనిట్లు 36. వేగం 2.23 గిగాహెర్ట్జ్ వరకు. 10.28 టెరాఫ్లాప్‌లు.

ఇందులో నిలిచింది ఏది, మారింది ఏది? 36 నిలిచింది. వేగం మారింది. ఎందుకంటే యూనిట్ల సంఖ్య సిలికాన్ మీద చెక్కేసింది. ఫ్యాక్టరీలో చిప్ నమూనా తయారైనాక దాన్ని పెంచడం కుదరదు. గడియారం వేగాన్ని మాత్రం ఫ్యాన్, కరెంటు, వేడి లెక్కలు సరిచూసుకుని చివరి నెలల్లో కూడా పెంచుకోవచ్చు. నాకు ఇది లీకులు చదివేవాళ్లకు అన్నింటికంటే పనికొచ్చే సూత్రంగా కనిపిస్తుంది. చిప్‌లో చెక్కినవి ముందే తెలుస్తాయి, నిజమవుతాయి. మీట తిప్పి మార్చగలిగినవి మారతాయి. ధర అయితే ఏ చిప్‌లోనూ లేదు. అది అధికారుల గదిలో ఆఖరి వారాల్లో తేలే విషయం. ఏడాది ముందు ధర చెప్పే లీకుకు విలువ ఇవ్వనవసరం లేదు.

అదే సూత్రంతో ట్రినిటీ చిక్కుముడి కూడా విప్పవచ్చు. పత్రాల్లో 33.5, సోనీ చెప్పింది 16.7. సగానికి సగం. లీకు తప్పా? తప్పు కాదు. కొత్త తరం ఏఎండీ చిప్‌లు కొన్ని సందర్భాల్లో ఒక గదిలో రెండు పనులు జతగా చేయగలవు. అలా చేసిన ప్రతిసారీ రెండుగా లెక్కేస్తే 33.5. పాత పద్ధతిలో లెక్కేస్తే 16.7. ఆటలో నిజంగా పెరిగిన వేగం మాత్రం 45 శాతమే. అంటే 10.28 నుంచి 33.5కి మూడింతలు పెరిగిందని సంబరపడ్డవాళ్లు చూసింది ఒక లెక్కింపు పద్ధతిని.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనే వ్యాపారి పింజ పొడవు ఒక్కటే అడిగి ధర కట్టడు. కుప్పలో చెయ్యి పెట్టి తేమ చూస్తాడు, చెత్త చూస్తాడు, రంగు చూస్తాడు. భారత పత్తి సంస్థ కూడా తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర ఇస్తుంది, 12 దాటితే కొననే కొనదు, పింజ ఎంత పొడవున్నా సరే. కన్సోల్‌లో టెరాఫ్లాప్‌లు ఆ పింజ పొడవు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 52 యూనిట్లు, 12.15 టెరాఫ్లాప్‌లు ఉన్నాయి, పీఎస్5 కంటే ఎక్కువ. పీఎస్5లో మాత్రం డ్రైవ్ నుంచి సమాచారం లాగే వేగం సెకనుకు 5.5 గిగాబైట్లు, ఎక్స్‌బాక్స్‌లో 2.4. టీవీ ముందు కూర్చుంటే చాలా ఆటల్లో రెండింటికీ తేడా పట్టుకోవడం కష్టం. అమ్మకాల్లో చూస్తే పీఎస్5 ఎనిమిది కోట్లు దాటి ఎక్కడో ముందుంది.

హైదరాబాద్ మీదుగా పొక్కిన రహస్యాలు

ఈ లీకులన్నీ ఎక్కడో కాలిఫోర్నియాలోనో టోక్యోలోనో పుడతాయనుకుంటాం. కొన్నిటి దారి మన హైదరాబాద్ మీదుగానే సాగింది.

2014–16 ప్రాంతంలో మన కస్టమ్స్ దిగుమతి వివరాలు ‘జౌబా’ అనే సంస్థ ద్వారా ఎవరికైనా కనిపించేవి. ఏ దేశం నుంచి ఏ ఊరికి ఏ వస్తువు వచ్చింది, దాని విలువ ఎన్ని రూపాయలు అని వరుసగా ఉండేది. ఏఎండీకి హైదరాబాద్‌లో పెద్ద ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. ఇంకా విడుదల కాని గ్రాఫిక్స్ బోర్డుల్ని కెనడా కేంద్రం నుంచి పరీక్షల కోసం ఇక్కడికి పంపేవారు. ఆ పెట్టెల మీద రాసిన కోడ్ పేర్లు, సంఖ్యలు, రూపాయల్లో కట్టిన విలువ చూసి ప్రపంచంలోని గ్రాఫిక్స్ కార్డుల పిచ్చోళ్లంతా రాబోయే చిప్‌ల బలం అంచనా వేశారు. ‘పొలారిస్’ తరం చిప్‌ల జాడ అలా కూడా దొరికింది. ఆ పొలారిస్ పెద్ద చిప్‌లో 36 యూనిట్లు. 2016 నవంబర్‌లో వచ్చిన పీఎస్4 ప్రోలోనూ 36 యూనిట్లే. దాని పత్రాలు ‘నియో’ పేరుతో ఏప్రిల్‌లోనే బయటపడ్డాయి, 911 మెగాహెర్ట్జ్ అన్న వేగంతో సహా అక్షరాలా నిజమయ్యాయి.

అప్పుడు ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి మన రాజా కోడూరి. ఆంధ్రా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చేసి, 2015 నుంచి 2017 దాకా ఆ పదవిలో ఉన్నారు. పీఎస్4 ప్రో, ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ రెండూ ఆ కాలంలో మార్కెట్లోకి వచ్చాయి. ప్లేస్టేషన్ కోసం మన దేశంలో తొలిసారి తయారైన ఆట ‘హనుమాన్: బాయ్ వారియర్’ కూడా హైదరాబాద్‌దే. అరోనా టెక్నాలజీస్ దాన్ని పీఎస్2 కోసం చేసింది, 2009లో సోనీ విడుదల చేసింది. ఆట అంత బాగా రాలేదన్న విమర్శలు వచ్చాయి. అయినా ఈ విషయం ఎమ్మిగనూరు బడి పిల్లలకు తెలియాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఈ పెట్టెలు మనం కొని ఆడే వస్తువులే అనుకుంటారు గానీ, వాటి లోపలి పనిలో మనవాళ్ల చెయ్యి చాన్నాళ్లుగా ఉంది.

లీకు ఏ దారిన వచ్చిందో చూస్తే దాని బరువు తెలుస్తుంది. కస్టమ్స్, రవాణా కాగితాల నుంచి వచ్చింది సాధారణంగా గట్టిది. 2024లో వియత్నాం ఫ్యాక్టరీకి వెళ్లిన సరుకు వివరాల్లో 12 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్ కనిపించాయి. 2025 జూన్ 5న వచ్చిన నింటెండో స్విచ్ 2లో సరిగ్గా అవే ఉన్నాయి. దాని చిప్ పేరు టీ239 అని 2022లో చిప్ కంపెనీ ఎన్‌విడియా మీద జరిగిన సైబర్ దాడిలోనే బయటపడింది. కోర్టు కాగితాలు ఇంకో రకం. 2023 సెప్టెంబర్‌లో అమెరికా కోర్టు కేసులో మైక్రోసాఫ్ట్ అంతర్గత పత్రాలు పొరపాటున బయటికొచ్చాయి. ‘బ్రూక్లిన్’ అనే పేరుతో డిస్కు లేని, గుండ్రటి స్తంభంలాంటి ఎక్స్‌బాక్స్ బొమ్మ అందులో ఉంది. పత్రం నిఖార్సయినదే, కానీ ఆ ఆకారంలో ఎక్స్‌బాక్స్ ఇప్పటికీ రాలేదు. కంపెనీ ఆలోచన బయటపడటం వేరు, ఫ్యాక్టరీకి చిప్‌లు వెళ్లడం వేరు. ఇక ఎవరో వీడియోలో కూర్చుని ‘నాకు లోపలి మనిషి చెప్పాడు’ అంటే, ఆ మనిషి గతంలో చెప్పినవి ఎన్ని నిజమయ్యాయో చూసుకోవడం తప్ప వేరే దారి లేదు.

అట్టపెట్టె మీది గొప్పలు

హార్డ్‌వేర్ అంకెలు చూసి మురిసిపోవడం ఈ తరంతో మొదలవలేదు. 1990ల్లో రాయలసీమ పట్టణాల్లో టీవీకి తగిలించే వీడియో గేమ్ ఉన్న ఇల్లు వీధికి ఒకటి. లేనివాళ్లు గంటకు ఇంత అని కట్టి షాపులో ఆడుకునేవాళ్లు. పసుపు రంగు క్యాసెట్, రెండు రిమోట్లు, ఒక తుపాకీ. మారియో, కాంట్రా, బాతుల్ని కాల్చే ఆట. పెట్టె మీద నింటెండో పేరు ఉండేది కాదు. ఇంకేదో పేరు, ఇంకేదో హీరో బొమ్మ. క్యాసెట్ మీద 9999 ఆటలని అచ్చు వేసి ఉండేది. లోపల తిప్పి తిప్పి చూస్తే ఉన్నవి కొన్నే. అవే ఆటలు వేరే స్టేజీ నుంచి మొదలవుతూ మళ్లీ మళ్లీ వచ్చేవి.

ఆ పెట్టెలు నిజానికి 1983 జూలైలో జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ఫామికామ్‌కు నకళ్లు. మసయుకి ఉయెమురా రూపొందించిన ఆ యంత్రంలో ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్, పని చేసుకోవడానికి జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు. అన్ని విడిభాగాల్ని ఒకే చిప్‌లోకి కుక్కి, పైన నల్లటి లక్కలాంటి ముద్ద పోసి తైవాన్, చైనా ఫ్యాక్టరీలు కోట్ల సంఖ్యలో అమ్మాయి. జపాన్ పిల్లలు 1983లో ఆడింది పదేళ్లు దాటాక మన పిల్లల చేతికి వచ్చింది. కొన్ని అట్టల మీద 16 బిట్ అని కూడా రాశారు, లోపల ఉన్నది 8 బిట్టే. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర మొదలుకుని ఏ తిరునాళ్లకు వెళ్లినా దొరికిన చేతిలో పట్టే ఇటుకల ఆట మీద కూడా అదే 9999.

ఆ రోజుల్లో పెట్టె మీది అంకె అబద్ధమైనా ఆట నిజం. రెండు కిలోబైట్లతో మారియో దూకిన దూకుడు ఒక తరం మొత్తాన్ని కట్టిపడేసింది. స్విచ్ మొదటి తరం 2017లో వచ్చింది. అప్పటికే ఇతర కన్సోళ్లతో పోలిస్తే బలహీనమైన చిప్ అది. పదిహేను కోట్లు దాటి అమ్ముడుపోయింది. నింటెండో ఈ పాఠం ఎప్పుడూ మరచిపోలేదు.

35 డిగ్రీల గీత

పీఎస్5 తోపాటు వచ్చే కాగితాన్ని చాలామంది చదవరు. అందులో ‘పని చేసే ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు’ అని ఉంటుంది. ఏ లీకులోనూ నేను ఈ వరుస మీద చర్చ చూడలేదు. కర్నూలు జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటడం మామూలు. నాపరాతి పైకప్పు కింద, ఏసీ లేని గదిలో, సాయంత్రం ఆరింటికి కూడా గది 35 కంటే కిందికి దిగదు. సెలవులు ఇచ్చేదీ అప్పుడే, పిల్లలు ఎక్కువ ఆడేదీ అప్పుడే.

సోనీ ఈ విషయంలో శ్రద్ధ పెట్టలేదని అనలేం. 2020 అక్టోబర్‌లో ఆ సంస్థ ఇంజినీరు యసుహిరో ఓతోరి పీఎస్5ను విప్పి చూపించారు. 120 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫ్యాన్, చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ద్రవ లోహం. దాన్ని సిద్ధం చేయడానికి రెండేళ్లకు పైగా పట్టిందని చెప్పారు. దుమ్ము ఒకచోట చేరేలా గుంటలు కూడా పెట్టారు, వాక్యూమ్ క్లీనర్‌తో లాగేయవచ్చు. కానీ ఆదోనిది మామూలు దుమ్ము కాదు. పత్తి వ్యాపారంలో రెండో బొంబాయి అనిపించుకున్న ఊరు. జిన్నింగ్ మిల్లులు నడిచే నెలల్లో గాలిలో దూది నూగు తేలుతుంటుంది. హీట్‌సింక్ రెక్కల మధ్య అది పొరలా పేరుకుంటే ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా గాలి ఆడదు. ఈ వైపు కన్సోల్ ఉన్నవాళ్లు సీజన్ అయ్యాక ఒకసారి శుభ్రం చేయించుకోవాలి. బీరువా అరలో, గోడకు ఆనించి పెట్టకూడదు.

కాబట్టి రాబోయే పెట్టె ‘ఎన్ని వాట్లు తింటుంది’ అన్న లీకు వస్తే, దాన్ని టెరాఫ్లాప్‌ల కంటే ముందు చదవాలని నా మాట. తిన్న కరెంటు అంతా చివరికి గదిలో వేడిగానే తేలుతుంది. మొదటి పీఎస్5 పెద్ద ఆటల్లో దాదాపు 200 వాట్లు వాడుతుంది. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీ మీద టీవీతో కలిపి నడిపితే నాలుగు గంటలకు మించి రావడం కష్టం, అదీ ఫ్యాన్లు, లైట్లు ఆపేస్తేనే. తర్వాతి తరం దీనికి రెండింతలు అడిగితే ఈ ఊళ్లలో చాలా ఇళ్లకు అది బరువే.

డౌన్‌లోడ్ సంగతి ఇంకోటి. ఇవాళ పెద్ద ఆట ఒక్కోటి 100 జీబీ దాటుతోంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్లాన్ మీద హాట్‌స్పాట్ పెట్టి దింపాలంటే 50 రోజులు. ఫైబర్ కనెక్షన్ ఉన్న వీధుల్లో ఒక రాత్రి పని. మొదటి పీఎస్5లో 825 జీబీ అని రాసి ఉన్నా మనం వాడుకోగలిగింది 667 జీబీ. అలాంటి ఆటలు ఆరు పట్టాక ఏడో దాన్ని దింపాలంటే ఒకదాన్ని తీసేయాలి. తీసేసిన ఆట మళ్లీ కావాలంటే మళ్లీ దింపుకోవాలి. ఫైబర్ ఉన్నవాళ్లకు ఇది చిన్న చికాకు, లేనివాళ్లకు గోడ.

అసలు ప్రశ్న డిస్కు

నన్నడిగితే చిన్న పట్టణం వాళ్లు రాబోయే ఏ కన్సోల్ గురించైనా మొట్టమొదట అడగాల్సింది ఇదొక్కటే: డిస్కు పెట్టుకోవచ్చా?

పీఎస్5 వచ్చినప్పుడు సోనీ సొంత ఆటల ధర 4,999 రూపాయలు. డిస్కు కొన్నవాడు ఆట ముగించాక స్నేహితుడికి ఇస్తాడు, మార్చుకుంటాడు, సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముతాడు. ఒక డిస్కు ఆదోనిలో మొదలై ఎమ్మిగనూరులో చేతులు మారి కర్నూలు చేరుతుంది. నలుగురి చేతులు మారితే ఒక్కొక్కరికి పడే ఖర్చు పావు వంతు. డౌన్‌లోడ్‌లో కొన్న ఆట ఆ ఒక్క అకౌంట్‌కే అతుక్కుపోతుంది. డిస్కు లేని మోడల్ కొనేటప్పుడు ధర తక్కువ అనిపిస్తుంది. ఆటలు మూడు నాలుగు కొనేసరికి ఆ మిగులు కరిగిపోతుంది.

కంపెనీలు దీన్ని తుంచేయాలని ఒకసారి గట్టిగా ప్రయత్నించాయి. 2013 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌కు నిబంధనలు పెట్టింది. పాత డిస్కుల అమ్మకానికి ఆంక్షలు, రోజుకొకసారి ఇంటర్నెట్ తప్పనిసరి. ప్రపంచమంతా తిరగబడింది. రెండు వారాలైనా తిరక్కముందే, జూన్ 19న కంపెనీ వెనక్కి తగ్గింది. అప్పుడు ఆగిన పని ఇప్పుడు నెమ్మదిగా జరుగుతోంది. 2023 చివర్లో వచ్చిన పీఎస్5 స్లిమ్‌లో డిస్కు డ్రైవ్ విడదీయగలిగే భాగం. పీఎస్5 ప్రోలో అసలు ఉండదు, విడిగా కొనుక్కోవాలి. స్విచ్ 2కి వచ్చే కొన్ని కార్డుల్లో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. కార్డు అమ్ముకోవచ్చు, కానీ కొన్నవాడు మళ్లీ మొత్తం దింపుకోవాలి. నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు గనక ఆ పెట్టె కావాలన్నవాళ్లు బెంగళూరు ఎస్‌పీ రోడ్డులోనో సికింద్రాబాద్ సీటీసీలోనో దిగుమతి సరుకు వెతుక్కోవాల్సిందే. వారంటీ మీద ఆశ పెట్టుకోకూడదు.

పీఎస్6 మాటలు

ఇప్పుడు గాలిలో తిరుగుతున్నవి ఇవి. సోనీ తర్వాతి కన్సోల్ చిప్ లోపలి పేరు ‘ఓరియన్’ అంటున్నారు. తోడుగా ‘కానిస్’ అనే చేతిలో పట్టే యంత్రం. 34 నుంచి 40 టెరాఫ్లాప్‌లు, 2027 చివర్లో విడుదల. ఇవన్నీ లీకులే, ఏదీ సోనీ చెప్పింది కాదు.

సోనీ స్వయంగా చెప్పింది తక్కువే, కానీ గట్టిది. 2025 అక్టోబర్‌లో మార్క్ సెర్నీ, ఏఎండీకి చెందిన జాక్ హ్యూన్ కలిసి వీడియోలో మాట్లాడారు. కాంతి కిరణాల లెక్కలకు ప్రత్యేక భాగాలు, కృత్రిమ మేధతో బొమ్మను మెరుగుపరిచే పద్ధతి, మెమరీ మీద భారం తగ్గించే కుదింపు. ఇవన్నీ ప్రస్తుతానికి కంప్యూటర్ నమూనాల్లోనే ఉన్నాయని, కొన్నేళ్లలో రాబోయే కన్సోల్‌లో వాడతామని సెర్నీ అన్నారు. ఆ మూడో అంశం మనకు ముఖ్యం. తక్కువ మెమరీతో ఎక్కువ పని జరిగితే ధర అదుపులో ఉంటుంది. ఎందుకంటే 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లన్నిటినీ ఎగరేసుకుపోతున్నాయి. డిసెంబర్‌లో మైక్రాన్ సంస్థ మామూలు జనానికి ర్యామ్ అమ్మే తన క్రూషియల్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అప్పుడు 30 జీబీ ర్యామ్ అన్న పుకారు విని ఆనందించాలా, భయపడాలా? నేనైతే ధర గురించే ఆలోచిస్తాను.

పాతరోజుల్లో కన్సోల్ ధర ఏడాదికేడాది దిగేది. ఆ రోజులు పోయాయి. పీఎస్5 మన దేశానికి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది, ప్రపంచ విడుదలకు 82 రోజుల ఆలస్యంగా. డిస్కు మోడల్ 49,990 రూపాయలు. 2022 నవంబర్‌లో అదే 54,990 అయింది. అమెరికాలోనూ 2025 ఆగస్టులో 50 డాలర్లు పెంచారు. ఆగితే దిగుతుందన్న ఆశ ఈ తరంలో ఫలించలేదు.

గంటకు ఇంత అని తీసుకుని ఆడించే గేమింగ్ షాపు పెట్టాలనుకునే కుర్రాళ్లకు ఇది ఇంకా నేరుగా తగిలే సంగతి. ఒక లెక్క వేద్దాం. గంటకు 60 రూపాయలు, రోజుకు ఆరు గంటలు ఆడారనుకుందాం. రోజుకు 360. యాభై ఐదు వేల పెట్టె ఖర్చు తిరిగి రావడానికి ఐదు నెలలు, టీవీ, అద్దె, కరెంటు పక్కన పెడితే. రెండో కంట్రోలర్ కలిపితే ఆరు. 2027 చివర్లోనో తర్వాతో వచ్చే పెట్టె కోసం ఇవాళ ఖాళీగా కూర్చోవడం నష్టం. షాపుల్లో ఎక్కువగా ఆడేవి ఫుట్‌బాల్, క్రికెట్, కుస్తీ, టెక్కెన్. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడే ఆటలు. వీటిలో ఏదీ 34 టెరాఫ్లాప్‌లు అడగదు. జీటీఏ 6 కూడా పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాల కోసమే ప్రకటించారు, తేదీ 2026 నవంబర్ 19.

ఒక్కరి వల్ల కాకపోతే నలుగురు కలిసి కొనవచ్చు. ఎమ్మిగనూరుకు కలిసి పెట్టుబడి పెట్టడం కొత్త కాదు. 1938లో మాచాని సోమప్ప ఇక్కడి నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టారు. నూలు ఒక్కొక్కరు కొనలేని రోజుల్లో కలిసి కొన్నారు, కలిసి అమ్మారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

కొనేటప్పుడు డిస్కు డ్రైవ్ ఉన్న మోడల్ కొనండి. పీఎస్4 డిస్కులు దాదాపు అన్నీ పీఎస్5లో ఆడతాయి, కాబట్టి పాత డిస్కులు పారేయకండి. పాత పీఎస్4 రిమోట్‌తో మాత్రం పీఎస్5 ఆటలు ఆడనివ్వరు. అందుకే పీఎస్6 గురించి లీకు వచ్చినప్పుడల్లా ముందు వెతకాల్సింది ఈ మూడు: మన దగ్గరున్న డిస్కులు అందులో ఆడతాయా, ఇప్పటి కంట్రోలర్లు పనిచేస్తాయా, దాని వైఫైకి మన దేశంలో అనుమతి ఉందా. ఇవి తెలిసిన రోజున డబ్బు దాచడం మొదలుపెట్టినా ఆలస్యం కాదు. విడుదలైన మొదటి నెలల్లో ఎలాగూ పెట్టెలు దొరకవు. 2021 జనవరి 12న పీఎస్5 బుకింగ్ తెరిచినప్పుడు నిమిషాల్లో అయిపోయాయి. ముంబైలో, బెంగళూరులో ఉన్నవాళ్లకే దొరకలేదు.